ఇంటి కింద మన్ను

ఏప్రిల్ 26, ఆదివారం

కుదిరింది. మా అమ్మాయి ఫూల్మతీ పెళ్ళి కుదిరింది. ఈ ఒక్క మాట రాద్దామనే రైసుమిల్లు వాళ్ళు ఇచ్చిన ఈ డైరీని దుమ్ము దులిపి తీశాను. ఇన్నాళ్ళూ ఇందులో రాసుకునేంత సంగతి నా బతుకులో ఏముంది గనక.

పిల్లకు ముప్పై తొమ్మిది. "ఇక ఆ మాట ఎత్తకు పా" అని తనే చెప్పి చాలా ఏళ్ళయింది. నేనూ ఎత్తలేదు. పొద్దున తను మిల్లులో తూకం దగ్గరికి పోతుంది, సాయంత్రం వస్తుంది, మేం ముగ్గురం కూచుని తింటాం. అంతే కదా జీవితం అనుకున్నాను. అలాంటిది ఈ పొద్దున రొట్టె తుంచుకుంటూ, "పా, పక్క ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే గోబిన్ ఉన్నాడు కదా, వాళ్ళమ్మ సాయంత్రం మీతో మాట్లాడ్డానికి వస్తానంది" అంది. అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

గోబిన్ తల్లి సుమింత్రా వచ్చింది. పెద్ద గొంతు, మంచి మనిషి. జూన్ నెల నడిమి ఆదివారం అనుకున్నాం. "చోటు చాలదేమో, హాలు మాట్లాడదామా?" అంది.

"హాలెందుకమ్మా? ఆడపిల్ల పెళ్ళి తన ఇంటి కింద జరగాలి" అన్నాను.

అందరూ మా ఇంటి వైపు చూశారు. మా తాతలు చెరకు కూలీలుగా ఓడెక్కి వచ్చిన ఈ తీరంలో ఇళ్ళన్నీ నిలువెత్తు గుంజల మీద నిలబడి ఉంటాయి. కిందిల్లు చల్లగా ఉంటుంది. ఉయ్యాల మంచాలు అక్కడే, పొయ్యిలు అక్కడే, పెళ్ళిళ్ళూ చావులూ అక్కడే. మా ఇల్లొక్కటే పొదుగుతున్న కోడిపెట్టలాగా నేలను కరుచుకుని ఉంటుంది. చెరకు ఎస్టేటులో కూలీలుండే పాత బారకాసులు పడగొట్టినప్పుడు ఆ కర్రతో మా నాన్న కట్టాడు. పొడుగు గుంజలు దొరకలేదు. కింద కుక్క దూరాలన్నా పొట్ట ఈడ్చుకుంటూ పోవాలి.

"ఏ ఇంటి కింద?" అంది నా భార్య రుక్మిన్. "పెళ్ళి మన పిల్లకా, కోళ్ళకా?"

అందరూ నవ్వారు. పెళ్ళికూతురు ఫూలో కూడా నవ్వింది. నేను చూసుకుంటానన్నాను.

ఎంత సంతోషంగా ఉందో. ఒకచోట కూచోలేకపోతున్నాను.

ఏప్రిల్ 29, బుధవారం

ఇళ్ళెత్తే మనుషులు వచ్చి చూశారు. అడుగు దూలంలో గునపం గుచ్చితే అరటిపండులో దిగినట్టు దిగింది. "తాతా, ఇక్కడ జాకీ పెడితే జాకీ పైకొస్తది, ఇల్లు కిందే ఉంటది" అన్నాడు వాళ్ళ మేస్త్రి.

సరే. ఇల్లు పైకి రాకపోతే నేల కిందికి పోతుంది.

మే 1, శుక్రవారం

తవ్వడం మొదలుపెట్టాను. పొట్టిపార పట్టుకుని బోర్లా పడుకుని తూర్పు వైపు నుంచి దూరాను. తల ఎత్తితే దూలం, దించితే మన్ను. పక్కకు తిరగాలంటే ముందు ఎటు తిరగాలో ఆలోచించుకోవాలి. ఒక్కో బకెట్టు నింపి వెనక్కి ఈడ్చుకుంటూ రావడం. మొదటి రోజే ఒక పీత కాపురం బయటపడింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నందుకు నా బొటనవేలు పట్టుకుని వేలాడింది.

తూల్సీ వచ్చి గొంతుక్కూచుని తొంగి చూశాడు. వాడిది మా పక్కిల్లు, సముద్రపు తూము తలుపు ఎత్తడం దించడం వాడి పని. వాడి కిందిల్లులో ఏనుగు తిరగొచ్చు. ఆ గర్వం వాడి చంకలోంచి కారుతూనే ఉంటుంది.

"భయ్యా, అక్కడేం చేస్తున్నావు?"

"పెళ్ళి పందిరి వేస్తున్నా."

"సముద్రం మనకంటే ఎత్తున ఉంది. పోటు వేళకి నేను తలుపు దించకపోతే నా చెప్పులు నీ వంటింట్లోకొస్తాయి. ఈ దేశంలో జనం ఇల్లు పైకెత్తుకుంటారు. నువ్వు నేల దించుతావా?"

"నీళ్ళూరితే మురుక్కాలవలోకి గండి కొడతాలే."

"గండి నీళ్ళని బయటికే పంపాలని నీకెవరు చెప్పారు?" అన్నాడు. "నా కిందిల్లు ఉంది కదయ్యా. ఊడ్చి ఇస్తా. ఫూలో నాకు మాత్రం బిడ్డ కాదా?"

పరాయి ఇంటి కింద నా కూతురి పెళ్ళి. వద్దన్నాను. మర్యాదగానే అన్నాను.

మే 6, బుధవారం

ఒళ్ళు నొప్పులు. సంతోషం.

మే 10, ఆదివారం

గోబిన్ వచ్చాడు. నలభై దాటినవాడు, భార్య పోయి చాలాకాలమైంది, నెమ్మదస్తుడు. వాడి గోళ్ళలో గ్రీజు ఎన్ని సబ్బులకూ పోదు. నాకు ఎంత నచ్చాడో చెప్పలేను. వాళ్ళింట్లో పైన రెండు గదులున్నాయట, కిటికీ తీస్తే వరి పొలాలట. ఫూలోకి కుట్టుమిషను పెట్టుకోవడానికి ఒక మూల చూసి పెట్టాడట. అవన్నీ రుక్మిన్‌కి చెబుతుంటే నేను కిందికి వెళ్ళాను. చాలా పని మిగిలి ఉంది.

కాసేపటికి వాడే వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. "అంకుల్, ఆ మూల గుంజ చుట్టూ మన్ను ముట్టుకోకండి. కనీసం బారెడు మేర వదిలెయ్యండి."

"అలాగే నాయనా" అన్నాను. ట్రాక్టర్లు బాగుచేసేవాడికి ఇళ్ళ సంగతి ఏం తెలుసు. బారెడు వదిలితే పందిరి ఎక్కడ పడుతుంది?

వాళ్ళ ఊరు దూరమే కాదు. సైకిలు మీద పోయి రావచ్చు.

మే 14, గురువారం

ఈ రోజు నడుము వంచి నిలబడగలిగాను. నడుము వంచే, అయినా నిలబడటమే కదా. లోపల నిలబడి ఫూలోని పిలిచాను. తను వంగి చూసింది.

"చూశావా? ఇక్కడ పందిరి. అక్కడ పండిట్జీ. అదిగో ఆ గుంజ దగ్గర మీ అమ్మ ఏడుస్తుంటుంది."

"నువ్వెక్కడుంటావు పా?"

"నేనా? నేను సంతోషంగా తిరుగుతుంటాను."

"నేను పెళ్ళి చేసుకుంటున్నానా, నువ్వు గొయ్యి తవ్వుకుంటున్నావా? బయటికి రా. అన్నం చల్లారిపోతోంది" అంది.

ఇక్కడికే పంపమన్నాను. పళ్ళెం నేల మీద తోసింది.

మే 19, మంగళవారం

వాన పడింది. ముంగిలి తలుపు పట్టేస్తోంది. వానాకాలం కర్ర ఉబ్బుతుంది.

మే 21, గురువారం

అడుగున బురద నీళ్ళూరుతున్నాయి. మురుక్కాలవ దాకా గండి కొట్టాను. తూల్సీ తూము తలుపు ఎత్తగానే కాలవ నీళ్ళు సముద్రంలోకి పోయాయి, వాటి వెంట నా నీళ్ళూ గలగలమంటూ పోయాయి. చప్పట్లు కొట్టాను. తూల్సీని పిలిచి చూపించాను. "ఇది వెళ్ళేటప్పటి సంగతి" అన్నాడు. అసూయ.

మే 24, ఆదివారం

తలుపు ఇప్పుడు పట్టడం లేదు. అసలు మూసుకోవడం లేదు. చుట్టూ పైనుంచి కింద దాకా గాలి వస్తోంది. ఉక్కపోతకు మంచిదే.

రుక్మిన్ పొయ్యి మీద పప్పు గిన్నె పెడితే పప్పంతా ఒక పక్కకు చేరుతోందట. గిన్నె అడుగు సొట్ట పోయిందన్నాను.

"అన్ని గిన్నెలూనా?" అంది.

మే 28, గురువారం

పోయినేటి దాకా సర్కారు గోధుమపిండిని నిషేధించింది గనక దొంగచాటుగా కొనుక్కున్నాం. ఇప్పుడు అంగట్లో బహిరంగంగా పెట్టి అమ్ముతున్నారు. పూరీలకు కొదవ ఉండదు. మా ఫూలో అదృష్టం చూడండి, పిండి వచ్చేదాకా ఆగింది. ఈ మాట దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నవ్వనివాడు లేడు.

ఇంటికొచ్చేసరికి రుక్మిన్ ఫూలో బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. కిందికి వెళ్ళాను.

మే 31, ఆదివారం

రుక్మిన్ పక్కదుప్పట్లకు ఫూలో పేరు కుడుతోంది. కిందికి వెళ్ళాను.

జూన్ 2, మంగళవారం

ఫూలో మిల్లు నుంచి వచ్చి నాతో మాట్లాడాలంది. నేను కిందే ఉన్నాను. ఈసారి తనే పాకుతూ లోపలికి వచ్చింది, పనికి కట్టుకున్న మంచి గౌనుతోనే. వద్దంటే వినలేదు.

"పా, ఆ గుంజ గాల్లో వేలాడుతోంది."

"ఆ చీకట్లో నీకు అలా కనిపిస్తోంది."

"హాల్లో చేసుకుందాం. లేదా తూల్సీ మామ ఇంటి కింద. నాకు ఎక్కడైనా ఒకటే."

"నాకు ఒకటి కాదు. నువ్వు ఈ ఇంటి నుంచి..." అన్నాను. "ఈ ఇంటి కిందే పెళ్ళికూతురివి కావాలి" అని పూర్తి చేశాను. 

తను నా చేతిలో పార తీసుకుని ఒక బకెట్టు నింపింది. "ఇదే చివరిది. ఇక ఆపు" అంది. అలాగేనన్నాను.

ఎంత మంచి పిల్లను కన్నాను.

జూన్ 3, బుధవారం

కొంచెం సరిచేశాను. తవ్వడం కాదు, అంచులు నునుపు చేయడం.

జూన్ 7, ఆదివారం

నా తల దూలానికి తగలకుండా నిలబడ్డాను. నిటారుగా. టోపీతో.

జూన్ 10, బుధవారం

ఎండు తాటాకులు, వెదురు వచ్చాయి. చుట్టాలు వస్తున్నారు. ఒకావిడ మెట్లెక్కుతూ, "ఇల్లు నాకేసి వంగి చూస్తోందేంటి?" అంది. కళ్ళు సరిగ్గా కనిపించని ముసలావిడ.

తూల్సీ మళ్ళీ వచ్చాడు. రేపు పున్నమి, పెద్ద పోటు, పైన వాన. తూము ఎక్కువసేపు మూసే ఉంచాలి, కాలవ నిండుతుంది, గండి పూడ్చేయమన్నాడు. ఈసారి వాడు నవ్వలేదు. శుక్రవారం చూస్తానన్నాను.

ఫూలో పెట్టెకు తాళం వేశారు.

జూన్ 12, శుక్రవారం

వాన. సాయంత్రం ఆడవాళ్ళు కాలవ గట్టుకు పెళ్ళి మన్ను తవ్వడానికి వెళ్తారు. ఆ మన్ను తెచ్చి పందిరి కింద పోయాలి. మగవాళ్ళెవరూ చుట్టుపక్కల కనపడకూడదు. నేను తవ్విన మన్ను ముంగిట్లో కొండలా పడి ఉంది కదా, దాన్లోంచే తీసుకోండి అన్నాను. పెద్దావిడలు కొట్టినంత పని చేశారు. మగవాడు తవ్విన మన్ను పెళ్ళికి పనికిరాదట.

మగవాళ్ళంతా రోడ్డు మీదికి పోయారు. మంచిదే. గండి పూడ్చే పని ఒకటుంది.

జూన్ 13, శనివారం

నిన్న ఏమీ కాలేదు. ఇంతమంది ఇంత గొడవ చేస్తున్నారు గాని నిజానికి ఏమీ కాలేదు. దూలం వచ్చి కాస్త నా కాలి మీద కూచుంది. అంతే.

జరిగింది ఇది. నేను కిందికి దిగేసరికే నీళ్ళు గండిలోంచి లోపలికి వస్తున్నాయి. బయటికి పోవలసినవి లోపలికి. గోతంలో మన్ను నింపి గండికి అడ్డం వేద్దామని మూల గుంజ పక్కనుంచి పాకాను. గుంజ ఒక్కసారి మూలిగింది. చప్పుడేమీ పెద్దగా కాలేదు, అలసిపోయిన మనిషి కూచున్నట్టు ఇంటి మూల కూచుంది. నేను బోర్లా, నా కుడికాలి మీద దూలం, గడ్డం కింద బురద.

పిలిచాను. గట్టిగానే పిలిచాను. కానీ ఆడవాళ్ళు మన్ను తీసుకుని, వాన వల్ల పైన ఇంట్లోకే వస్తున్నారు, డోళ్ళు మోగుతున్నాయి, పాటలు పాడుతున్నారు. ఆ పాటలు మగవాళ్ళు వినకూడనివి. విన్నాను, వినక ఏం చేస్తాను. అందరికంటే ఎక్కువ పాడుతున్నది మా రుక్మిన్. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి కడుపులో అన్ని మాటలున్నాయని నాకు తెలియదు. నేను "కాపాడండి" అంటే పైన పకపకా నవ్వులు. మా నాన్న వేసిన పలకల మీద వాళ్ళు గంతులు వేస్తున్నారు, నా వీపు మీద మన్ను రాలుతోంది.

నీళ్ళు ఒక చెవిలోకి వచ్చాయి. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఇంట్లో చావు జరిగితే పెళ్ళి ఏడాది ఆగుతుంది, ఫూలో ఏడాది పాటు ఇక్కడే... ఆ ఆలోచన అక్కడ సగంలో వదిలేశాను. ఇక్కడా సగంలోనే వదిలేస్తున్నాను.

ఆడవాళ్ళున్నచోటికి మగవాడు రాకూడదు గదా, అయినా తూల్సీ వచ్చాడు. తూము మూసి కాలవ చూసుకుంటూ వచ్చాడట. ఆడవాళ్ళు వాడిని చీపుళ్ళతో తరుముతుంటే, "కొట్టండమ్మా, తర్వాత కొట్టండి, ముందు భయ్యా ఎక్కడున్నాడో చెప్పండి" అని అరుస్తున్నాడు. డోళ్ళు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే వినపడి సిగ్గేసింది.

దూలం ఎత్తడం వాళ్ళ వల్ల కాలేదు. తూల్సీ నా తల కింద తన చేయి పెట్టి నీళ్ళకు పైన పట్టుకున్నాడు. వాళ్ళబ్బాయి సైకిలెక్కి గోబిన్ కోసం పోయాడు. ఈ చుట్టుపక్కల పెద్ద జాకీ ఉన్నది వాడి దగ్గరే.

గోబిన్‌కి అప్పుడే పసుపు పెట్టారు. పసుపు పెట్టిన పెళ్ళికొడుకు ముహూర్తం దాకా గడప దాటకూడదు, వానలో తడవకూడదు, పెళ్ళికూతురి ముంగిలి తొక్కకూడదు. ట్రాక్టరు మీద వచ్చాడు. పసుపు పంచె, ఒళ్ళంతా పసుపు, తల మీద వాన. జాకీ కింద ఇనుప రేకు, పైన మందపాటి పలక వేసి, నా పక్కన బురదలో పడుకున్నాడు. 

"అంకుల్, నేను చెప్పినప్పుడు కాలు లాగండి."

"నువ్వు ఇక్కడికి రాకూడదు నాయనా" అన్నాను.

"తెలుసు" అన్నాడు. జాకీ తిప్పాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. పాదం ఎముక ఒకటి విరిగిందట. చిన్నదే.

తెల్లారి వచ్చేసరికి ముంగిట్లో సుమింత్రా. ఆ గొంతుకు కాకులు లేచిపోయాయి. "నా కొడుకు పసుపంతా ఈ పెద్దమనిషి గోతిలో కలిసింది. గోతిలో! సముద్రం పక్కన గొయ్యి తవ్వే మనిషిని ఎక్కడైనా చూశారా?"

పెద్దావిడలు తల ఊపుతున్నారు. అశుభం అంటోంది ఒకావిడ. వాయిదా అంటోంది ఇంకొకావిడ. నేను కుర్చీలో కాలు చాపుకుని కూచున్నాను. అప్పుడు ఎంత గట్టిగా కోరుకున్నానో నాకే తెలుసు. రేపే కావాలి. ఎక్కడైనా సరే, రేపే కావాలి.

"తప్పు నాది సుమింత్రా. పిల్లలది కాదు. తూల్సీ కిందిల్లు ఇస్తానన్నాడు. అక్కడ చేద్దాం" అన్నాను.

తూల్సీ నా వైపు చూశాడు. ముందే చెప్పానుగా అనలేదు. వాడి మంచితనం అక్కడే తెలిసింది.

సుమింత్రా చాలాసేపు నన్ను, నా కట్టును చూసింది. "పసుపు మళ్ళీ పెట్టొచ్చు" అంది చివరికి. "కానీ నేను మళ్ళీ నూరను. నా చేతులు పడిపోయాయి. ఎవరి గోతిలో పోయిందో వాళ్ళే నూరి పెట్టండి."

రుక్మిన్ రోలు దగ్గరికి పరుగెత్తింది. ముంగిట్లోనే దుప్పటి ఒకటి అడ్డంగా కట్టారు. ఇటు గోబిన్, అటు ఫూలో. ఒకరినొకరు చూడకూడదు కదా. ఇటు మిగిలిన పసుపు అటు పంపారు. దుప్పటి అటువైపు నుంచి ఫూలో నవ్వు వినపడింది, ఆ తర్వాత ముక్కు చీదడం వినపడింది.

మగవాళ్ళంతా కలిసి కొబ్బరి మొద్దులు తెచ్చి ఇంటి మూలను నిలబెట్టారు. ఇక కూలదు అన్నారు.

జూన్ 14, ఆదివారం

అయింది.

తూల్సీ కిందిల్లు అంత గొప్పదేం కాదు. గుంజలు తిన్నగా ఉన్నాయి, అంతే.

జూన్ 15, సోమవారం

కన్యాదానం కుర్చీలో కూచునే చేశాను. పండిట్జీ పట్టుకోమన్నప్పుడు చెయ్యి పట్టుకున్నాను. వదలమన్నప్పుడు వెంటనే వదల్లేదు. పండిట్జీ రెండోసారి చెప్పాడు. కాలు నొప్పి వల్ల సరిగా వినపడలేదు.

జూన్ 17, బుధవారం

సంతోషం. రుక్మిన్ కూడా సంతోషంగానే ఉంది. మూడు పళ్ళాలు పెట్టి, ఒకటి తీసేసింది.

జూన్ 21, ఆదివారం

వచ్చారు. ఇద్దరూ ట్రాక్టరు మీదే వచ్చారు. ఫూలో ఒళ్ళు చేసిందనిపించింది. ఒక్క వారంలో ఎవరూ చెయ్యరంటుంది రుక్మిన్.

భోంచేశాక గోబిన్ ఇంటి కిందికి తొంగి చూసి, "పా, ఇదలా వదిలేయకూడదు. లారీ ఇసక చెబుతాను. ఒక్క పూటలో పూడిపోతుంది" అన్నాడు.

"లారీ ఇసక కూరితే గుంజలు నిలవవు" అన్నాను. "తీసిన మన్నే వెయ్యాలి. కొంచెం కొంచెంగా వేసి, తొక్కి, నేల కుదురుకోనివ్వాలి. కుదురుకున్నాక ఇంకో పొర. వారానికొకటి చొప్పున."

"వారానికా?"

"ఆదివారం ఆదివారం. నీకు మిగతా రోజుల్లో పని ఉంటుంది కదా."

గోబిన్ ముంగిట్లో మన్ను కొండ వైపు చూశాడు, ఇంటి కింద గొయ్యి వైపు చూశాడు. "ఇలాగైతే చాలా కాలం పడుతుంది పా."

"నేలను తొందరపెట్టకూడదు నాయనా."

"మీ నాన్న చెప్పేదంతా నమ్మకు" అంది రుక్మిన్ ఫూలోతో. "లారీ ఇసకతో తూల్సీ వాళ్ళ దొడ్డంతా పూడ్చారు. ఒక్క గుంజ కదల్లేదు."

ఫూలో నా వైపే చూస్తోంది. నేను నా కట్టు సవరించుకున్నాను. తను లేచి లోపలికి వెళ్ళింది. ఇక్కడే వదిలేసిన పాత గౌను వేసుకుని, జుట్టు ముడి పెట్టుకుని, బకెట్టు పట్టుకుని వచ్చింది.

"పా చెప్పింది నిజమే" అంది మొగుడితో. "ఇక్కడి మన్ను అలాంటిది. మెల్లగా పొయ్యాలి."

నేను కుర్చీలోంచి ఎక్కడ పొయ్యాలో చెబుతూ ఉన్నాను. కాస్త పోశారు. గోబిన్ జోరు చూస్తే ఈ రోజే సగం పూడ్చేసేలా ఉన్నాడు. ఇంకా పోస్తానన్నాడు. నేనే ఆపించాను.